తట్టిన ప్రతి తలుపూ రాయమన్న సుధక్క

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా ఫోన్ చూశాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకే లైన్. "సుధగారు ఇక లేరు. హార్ట్ ఎటాక్."

ఇంకెవరో సుధ అయ్యుంటుందని పైనా కిందా వెతికాను.

మన సుధక్కే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అక్క ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో లాయర్. వారమంతా వీసా కేసులు. వీకెండ్ వస్తే మాత్రం, సొంత దేశంలో న్యాయం దొరకనివాళ్ళకి అర్జీలు రాసిపెట్టేది. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల దేశాలకి ఉమ్మడిగా ఉన్న మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళే అర్జీలు. అంతా ఫ్రీ.

ఈ ఊళ్ళో నాకెవరూ లేని రోజుల్లో, ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర పరిచయమైంది. "స్కాన్ చెయ్యడం వచ్చా నీకు?" అని అడిగి ఇంటికి లాక్కెళ్ళింది. అప్పట్నుంచి నా వీకెండ్‌లు అక్కవే.

ఆ కోర్టు గడప తొక్కడం అంత ఈజీ కాదు. ముందు ఒక కమిషన్ అర్జీని జల్లెడ పడుతుంది. సొంత దేశంలో కోర్టులన్నీ తిరిగారా? ఆఖరి తీర్పు వచ్చి ఆరు నెలలు దాటలేదు కదా? ఇదే కేసు ఇంకో అంతర్జాతీయ సంస్థలో నడవట్లేదు కదా? ఇవన్నీ తేలాకే అసలు బాధ వింటారు.

మార్తా అని ఒకావిడ, మధ్య అమెరికా నుంచి. కొడుకుని పోలీసులు తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

గడువు ఇంకా నాలుగు రోజులే. అక్కా నేనూ కార్పెట్ మీద కాగితాలు పరిచి కూర్చున్నాం. మొదటి స్టేషన్‌లో కంప్లైంటే తీసుకోలేదట. రసీదు లేదు.

"ప్రూఫ్ లేదు కదక్కా, ఇది వదిలేద్దాం" అన్నాను.

అక్కకి ఒళ్ళు మండింది. "వదిలేస్తే ఆవిడ అసలు తట్టనే లేదంటారు రా. తలుపు తియ్యలేదని కూడా రాయాలి. ఎంతసేపు నిలబడిందో, పొమ్మన్నదెవరో, అన్నీ రాయి."

మార్తా స్పానిష్‌లో చెప్పింది, అక్క తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులో టైప్ చేశాను.

ఏళ్ళు గడిచాక, కేసు విచారణకి తీసుకుంటున్నామని మెయిల్ వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. అక్క కళ్ళు తుడుచుకుని, "గెలవలేదు రా. లోపలికి రానిచ్చారు, అంతే" అంది.

ఆ రోజు ముగ్గురం గోంగూర పప్పు తిన్నాం. మార్తా మారు వడ్డించుకుంది.

పోయిన శనివారం అక్క నుంచి మూడు మిస్డ్ కాల్స్. మళ్ళీ స్కానింగ్ అంటుందిలే అని ఎత్తలేదు.

తర్వాత మెసేజ్. "పనేం లేదు రా. గోంగూర పప్పు చేశా. వస్తావేమోనని."

థంబ్సప్ పెట్టాను.

అంతే.

నేను ఒంటరివాణ్ణని అక్క చూసింది. అక్క కూడా ఒంటరిదేనని నాకెప్పుడూ తట్టలేదు. ఇవాళ ఆదివారం. ఎక్కడికి వెళ్ళాలో తెలియక పార్కింగ్ లాట్‌లో, కార్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను.

రాయకపోతే తట్టలేదంటారని నువ్వే చెప్పావు కదక్కా. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

మా సుధక్క మూడుసార్లు తలుపు తట్టింది. నేనే తియ్యలేదు.

వెళ్ళిరా అక్కా. నువ్వు వెళ్ళే చోట ఏ కాగితమూ అడక్కుండా లోపలికి రానివ్వాలి. హాయిగా పడుకో.