సిరిగేరి జీపు చివరి కోల్డ్ స్టార్ట్

2023 వేసవి. పాత జీపులు, పాత కార్లంటే పడిచచ్చేవాళ్లకు వాటిని ఆన్‌లైన్ వేలంలో పెట్టి అమ్మించడం బళ్లారిలో నా పని. కొనేవాడు ఎక్కడో ఉంటాడు, బండిని చేత్తో తాకడు. అందుకే ఫొటోలకంటే కోల్డ్ స్టార్ట్ వీడియో ముఖ్యం. రాత్రంతా చల్లబడిన ఇంజన్ పొద్దున మొదటిసారి ఎలా అందుకుంటుందో చూపించే వీడియో అది. లోపముంటే అప్పుడే బయటపడుతుంది.

దగ్గరి పల్లె సిరిగేరి నుంచి మంజునాథ అనే రైతు పిలిస్తే వెళ్లాను. వాళ్ల నాయన వీరేశప్ప వరి పొలాలకు ఏళ్ల తరబడి తిప్పిన డీజిల్ జీపు. పక్షవాతంతో ఆయన మంచాన పడ్డాడు.

"దినామూ పొద్దున కాలవ దాకా పోయొస్తాండా, బ్యాటరీ సావకుండా. ఎన్నాళ్లని అన్నా? తుప్పు పడతాంది" అన్నాడు మంజునాథ.

"పెద్దాయనకు చెప్పినావాప్పా?"

"చెప్తే కూడు తినడు. బండి పోయినాక నిదానంగా చెప్తా."

బండి కాగితాలు కొడుకు పేరు మీదే ఉన్నాయి. వీడియో తీసుకుని వచ్చాను. వేలంలో కోయంబత్తూరు మనిషి గెలుచుకున్నాడు.

మా వైపు బండి చేతులు మారితే ఒక పద్ధతి ఉంది. కొనేవాడు ఇంటికొచ్చి టీ తాగుతాడు. టైరు కింద నిమ్మకాయ పెడతారు. యజమాని తన చేత్తో తాళం ఇస్తాడు. ఈ జీపుకు అవేవీ జరగలేదు. లోపలికి వినపడకుండా వీధి చివరిదాకా తోసుకెళ్లి లారీ ఎక్కించారు.

కొన్నాళ్లకు మంజునాథ ఫోన్ చేశాడు. "అన్నా, ఆ వీడియో ఉండాదా? బండి ఏల స్టార్ట్ చేయల్యా అని నాయన ఒకటే అడుగుతాండాడు."

పంపాను. రోజూ పొద్దున్నే కిటికీ బయట స్పీకరు పెట్టి వినిపించేవాడట. నాకు మనసు మనసులో లేదు. ఆ దారిన పోతూ ఒకరోజు వాళ్లింట్లో దిగాను. మంజునాథ టీ తెస్తానని లోపలికి వెళ్లాడు. వీరేశప్ప మంచం మీద నుంచి నన్నే చూస్తున్నాడు. మాట ముద్దగా వస్తోంది.

"ఆ పొద్దు బయట నీ గొంతు ఇన్నా. మా బండి వీడియో తీసినోడివి నువ్వేనా అప్పా?"

అవునన్నాను.

"దినామూ స్టార్ట్ అయితాంది. గేరు పడల్యా. కాలవకు పోల్యా. అమ్మేసినారు గదా?"

కోయంబత్తూరు పోయిందని చెప్పాను.

"నేనేం వద్దంటానా? తాళం నా చేత ఇప్పించింటే సాలు." కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "ఆ సద్దు ఇంగ వద్దని వానికి చెప్పు."

టీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయాడు మంజునాథ. మరుసటి రోజు నుంచి ఆ కిటికీ దగ్గర ఏ శబ్దమూ లేదట.

ఇప్పుడు ఏ బండి చూడటానికి వెళ్లినా, బానెట్ ఎత్తకముందు దాన్ని ఇన్నాళ్లూ నడిపిన మనిషి దగ్గర కూర్చుంటాను. మంచాన ఉన్నా సరే, తాళం ఆయన చేతిలో పెట్టించి, ఆ చేతి నుంచే తీసుకుంటాను. కొందరు పిడికిలి విప్పరు. అప్పుడు బండిని అక్కడే వదిలేసి వచ్చేస్తాను.