షాహీన్ అరగంట

ఎక్కడైనా నేతిలో సేమ్యా వేగే వాసన వస్తే అందరికీ నోరూరుతుంది; నాకు మాత్రం తల దించుకోవాలనిపిస్తుంది.

మెట్టుగూడలో మా ఇంటికీ షాహీన్ వాళ్ళింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. రంజాన్‌కు వాళ్ళమ్మ ముంతాజ్ ఆంటీ ఆ గోడ మీదుగా స్టీలు గిన్నె నిండా సేమ్యా అందించేది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మా అమ్మ అందులో సర్వపిండి ముక్కలో, ఏదీ లేకపోతే గుప్పెడు చక్కెరో పోసి పంపేది. ఎండాకాలం సాయంత్రాలు మేమిద్దరం ఆ గోడెక్కి, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు నములుతూ, దూరంగా రైలు కూత వినబడితే అది ఏ బండో అని పందేలు కాసేవాళ్ళం.

బడులు మూతపడి పాఠాలు ఫోన్లోకి వచ్చిన ఏడాది మాది తొమ్మిదో తరగతి. వాళ్ళింట్లో ఉన్నది బటన్ ఫోన్. మా ఇంట్లో నాన్న కొన్న పెద్ద ఫోన్ ఒక్కటే. దాన్ని గోడ మీద నిలబెట్టి, ఇయర్‌ఫోన్ చెరో చెవికి పెట్టుకుని పాఠం వినేవాళ్ళం. సార్ హాజరు పిలిస్తే నేను "ఎస్ సార్" అని, ఫోన్ ఆమె మూతి దగ్గర పెట్టేదాన్ని.

ఏడాది చివరి పరీక్ష కూడా ఫోన్లోనే. పదింటికి తెరుచుకుని పదకొండుకు మూసుకుంటుంది, రాయనివాళ్ళకు పై తరగతి లేదన్నారు. పదిన్నర దాకా నేను, ఆ తర్వాత షాహీన్ అని చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాం. నాది పదిన్నరకే అయిపోయింది. కానీ ఫస్టు రావాలన్న పాడుబుద్ధి! ఒక లెక్క సరిచూశాను, ఇంకోటి సరిచూశాను, చూసినదాన్నే మళ్ళీ చూశాను.

"అయ్యిందా వే?" గోడవతల నుంచి షాహీన్.

"జెర ఆగవే, అయితుంది."

ఇలా మూడుసార్లు. ఫోన్ ఆమె చేతికిచ్చేసరికి మిగిలింది ఐదు నిమిషాలు. రెండు ప్రశ్నలకు జవాబు నొక్కేలోపే పేపర్ మూసుకుంది. "నెట్ ఖరాబైంది ఆంటీ" అని ముంతాజ్ ఆంటీతో అబద్ధమాడింది కూడా నేనే. పక్కనే నిలబడ్డ షాహీన్ నన్ను పట్టివ్వలేదు. ఆంటీ ఎంత బతిమాలినా బడివాళ్ళు వినలేదు. ఆ ఏడు ఫస్టు నేనే వచ్చాను, సిగ్గులేనిదాన్ని. బడులు తెరిచాక ఆమె రాలేదు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టడం షురూ చేసింది. ఆ రంజాన్‌కూ గోడ మీదుగా సేమ్యా వచ్చింది. తిన్నాను.

మొన్న కాలేజీ ఫంక్షన్‌కని చీర పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళాను. మేమెక్కి కూర్చున్న గోడ ఇప్పుడు లేదు, దాని చోట తలకంటే ఎత్తున ఇటుక గోడ లేచింది, గిన్నెలు రావడం, పోవడం ఆగిపోయాయి. షాహీన్ చేతిలో ఇప్పుడు మంచి ఫోనే ఉంది. కొలతలన్నీ అందులోనే రాసుకుంటుంది. నాకంటే ముందొచ్చిన ఇద్దరివి పక్కన పెట్టి, నా చీరను మిషన్ మీదికి లాక్కుంది.

"వాళ్ళది కానియ్యవే, నేను ఆగుతా" అన్నాను.

"నీకు ఆగుడు రాదు తియ్" అని నవ్వింది. "కూసో, నీదే ముందు చేస్తా."

ఫాల్ కుట్టడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా నేను తలెత్తలేదు.