సమ్మె ఏడాది కేసెట్టు

పోయిన నెల ఒక ఆదివారం ఫ్రిస్కో నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసి, ఒక పాత వీడియో కేసెట్టును ఫోను ముందు పట్టుకుని, "నాన్నా, దీని మూలన సెల్లోటేప్ ఎందుకుంది?" అని అడిగింది. ఆ కేసెట్టు మా తోడల్లుడి దగ్గర ఉండేది. నిరుడు అతను పోయాక మా మరదలు ఇల్లు సర్దుతూ, పాత కేసెట్లన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించి ఇమ్మని మా అమ్మాయికి పంపింది. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ కేసెట్ల అంచున ఒక చిన్న ప్లాస్టిక్ పెచ్చు ఉండేది. దాన్ని విరిచేస్తే ఆ కేసెట్టు మీద ఇక మరేదీ రికార్డు కాదు కాబట్టి, పెళ్ళిళ్ళవీ పుట్టినరోజులవీ అయిన కేసెట్లకు జాగ్రత్తగా విరిచేసేవాళ్ళం. విరిచాక మనసు మారితే, ఆ కన్నం మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే చాలు, మళ్ళీ రికార్డు అయ్యేది. అంటే అది పొరపాటున పడే ముక్క కాదు. ఎవరో ఒకరు కత్తిరించి, వేలితో నొక్కి అంటించాలి.

ఆ అంటించినవాణ్ణి నేనే. కానీ ఆ పూట మా అమ్మాయికి ఆ మాట చెప్పలేక, తర్వాత మాట్లాడతానమ్మా అని ఫోను పెట్టేశాను.

నేను అమెరికా వచ్చింది డెబ్భైనాలుగులో. చదువయ్యాక పిస్కాటవే దగ్గర ఒక మందుల కంపెనీలో, మాత్రలు నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతాయో చూసే ల్యాబ్‌లో చేరాను. ఆ ల్యాబ్‌లో సోమవారం పొద్దున కాఫీ మెషిన్ దగ్గర ఫుట్‌బాల్ తప్ప మరో మాట ఉండేది కాదు. మనం చిన్నప్పుడు కాలితో తన్నిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఇక్కడి ఫుట్‌బాల్. నాకు అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అర్థం చేసుకుందామన్న ఓపికా లేదు, కానీ ఆ గుంపులో ఒకడిగా నిలబడాలన్న తాపత్రయం మాత్రం చాలా ఉండేది. అందుకని సోమవారాలు పావుగంట ముందే వెళ్ళి, పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చుని, పేపర్లో ఆటల పేజీ తెరిచి, ఎవరు గెలిచారో, ఎంతతో గెలిచారో, ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళ పేర్లేమిటో పరీక్షకు చదివినట్టు బట్టీ పట్టి లోపలికి వెళ్ళేవాణ్ణి. ఏం ఆట, ఏం ఆట అంటూ తల ఊపేవాణ్ణి. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే కప్పు ఖాళీ అయిందన్న వంకతో పక్కకు తప్పుకునేవాణ్ణి. పదేళ్ళు అలా నెట్టుకొచ్చాను.

ఎనభైఆరులో, మా ఆవిడ స్పాన్సర్ చేస్తే, మా మరదలూ ఆమె భర్తా వచ్చి మా ఇంట్లోనే కింది గదిలో దిగారు. ఆ కంపెనీలోనే ప్యాకింగ్ డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఉద్యోగం నేనే చెప్పి ఇప్పించాను, ఆ సంగతి నలుగురిలో గుర్తుచేయడం కూడా నేను మానలేదు. అతను గుంటూరులో కాలేజీ కబడ్డీ ఆడినవాడు, భారీ మనిషి, ఇల్లంతా వినిపించేలా నవ్వేవాడు. వచ్చిన మూడో ఆదివారమే మా టీవీ ముందు నిలబడి, చేతిలో కాఫీ చల్లారిపోతుంటే కూడా పట్టించుకోకుండా ఆట చూసి, "అన్నయ్యా, ఇది మన కబడ్డీయే! దారి తప్పి ఇక్కడికొచ్చి హెల్మెట్ పెట్టుకుంది, అంతే" అన్నాడు.

అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. వాళ్ళ బాబాయి వంటింట్లోంచి రెండు గుప్పిళ్ళు తెచ్చి, శనగలు ఒక జట్టుగా, పెసలు ఒక జట్టుగా కార్పెట్ మీద బారులు తీర్చి, నాలుగు కూతల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్ళీ నాలుగు కూతలు, పోకపోతే బంతి అవతలివాడిది అని ఆమెకు నేర్పాడు. పదేళ్ళలో నాకు తలకెక్కని ఆట మా అమ్మాయికి ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. మా మరదలు వంటింట్లోంచి, "బావగారూ, మీరైనా చెప్పండి, ఆ శనగలు నానబెట్టాలి, వీళ్ళ మ్యాచ్ ఎప్పటికయ్యేను!" అని కేకలేసేది. అందరూ నవ్వేవారు. నేను కూడా నవ్వేవాణ్ణి, అయితే ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది.

ఎందుకంటే అంతకుముందు ఆదివారాలు నావి. మధ్యాహ్నం భోజనమయ్యాక మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించడం, తప్పు చేస్తే మొట్టికాయ వేయడం, తండ్రిగా నాకు తెలిసిన ప్రేమ అంతవరకే. ఇప్పుడు లెక్కల పుస్తకం తీస్తే ఆమె కళ్ళు టీవీ గదివైపు పోయేవి. ఒకసారి ఇంటికొచ్చిన స్నేహితుడి ముందు నేను నా సోమవారపు ధోరణిలో నిన్నటి ఆట గొప్పగా చెబుతుంటే, "నాన్నా, నువ్వు అది చూడలేదు కదా, నువ్వు అప్పుడు స్లీపింగ్" అనేసింది. స్నేహితుడు పగలబడి నవ్వాడు. బాబాయి మాత్రం నవ్వకుండా, "లేదమ్మలూ, నాన్న రీప్లే చూశారు" అని నన్ను కాపాడాడు. ఆ కాపాడటమే నాకు ఎక్కువ మండింది.

ఆఫీసులోనూ అదే వరస. అతని ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ ప్యాకింగ్ వాళ్ళతో పాటు మా ల్యాబ్ వాళ్ళు కూడా మధ్యాహ్నం లంచ్ దగ్గర అతని చుట్టూ చేరేవారు. నేను బట్టీ పట్టి సంపాదించుకున్న చోటులో అతను ఊరికే ఇష్టపడి వచ్చి కూర్చున్నాడు. అసూయ అనే మాటను నేను అప్పట్లో వాడలేదు. అతను చనువు ఎక్కువ తీసుకుంటున్నాడనీ, పిల్ల చదువు పాడవుతోందనీ మా ఆవిడతో అనేవాణ్ణి.

ఎనభైఏడు సెప్టెంబరులో ఆటగాళ్ళు సమ్మె చేశారు. ఒక వారం ఆటలు ఆగిపోయాయి, ఆ తర్వాత జట్ల యజమానులు ఎక్కడెక్కడి నుంచో బదులు ఆటగాళ్ళను పట్టుకొచ్చి, అసలువాళ్ళ జెర్సీలే తొడిగి మైదానంలోకి దింపారు. ప్యాకింగ్‌లో అతని సూపర్‌వైజరు పాతకాలపు యూనియన్ మనిషి. సమ్మెలో ఉన్నవాళ్ళ చోట ఆడేవాళ్ళను తను చచ్చినా చూడనని, ముందే కొనుక్కున్న రెండు టికెట్లనూ చెత్తబుట్టలో వేయబోతుంటే మా తోడల్లుడు అడిగి తీసుకున్నాడు. తీసుకుని నేరుగా నా దగ్గరికి తెచ్చాడు. "అన్నయ్యా, మీరూ అమ్మలూ వెళ్ళిరండి. నేను టీవీలో చూస్తాలే" అన్నాడు.

మా అమ్మాయి టికెట్లనే చూస్తూ, "మరి బాబాయి వస్తాడా?" అని అడిగింది. అంతే, నా లోపల ఏదో తెగింది. నా ఒక్కడితో వెళ్ళడం ఇష్టం లేదన్నమాట అనుకున్నాను. అది కాక, స్టేడియంలో మూడు గంటలు పక్కన కూర్చుంటే నాకు ఆట రాదన్నది పూర్తిగా బయటపడిపోతుందన్న భయం ఒకటి. "డూప్లికేట్ గాళ్ళ ఆట ఎవడు చూస్తాడు, మీరే పొండి" అన్నాను. అతను రెండుసార్లు బతిమాలాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

అక్టోబరులో ఆ ఆదివారం చలి, తుంపర. మా మరదలు పులిహోర స్టీలు డబ్బాలో సర్ది ఇచ్చింది. వెళ్ళేముందు అతను వీసీఆర్‌లో కొత్త కేసెట్టు పెట్టి, ఆట మొదలవగానే బటన్ నొక్కమని నాకు అప్పగించి పోయాడు. నొక్కాను. సగం ఆట అయ్యాక కాసేపటికి, కెమెరా ఖాళీ కుర్చీల మీదుగా అలా వెళ్ళి వెళ్ళి ఒకచోట ఆగింది. మంకీ క్యాప్‌లో మా అమ్మాయి. అది బాబాయిది, ఆమెకు కళ్ళమీదికి జారిపోతోంది. పక్కన అతను, మా మరదలి శాలువా తలకు చుట్టుకుని, డబ్బా మూతలో పులిహోర పెట్టి ఆమెకు అందిస్తున్నాడు. కామెంటరీ చెప్పేవాళ్ళు నవ్వారు. మా అమ్మాయి నోటినిండా పులిహోరతోనే నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ కేకలు పెట్టి టీవీ దగ్గరికి పరిగెత్తారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

ఇంటికొచ్చాక అతను ఆ కేసెట్టు పెచ్చు విరిచాడు. మా అమ్మాయి దాని మీద తన గుండ్రటి అక్షరాలతో, నేనూ బాబాయీ టీవీలో అని ఇంగ్లీషులో రాసి అంటించింది.

మర్నాడు కాఫీ మెషిన్ దగ్గర ఒకాయన నన్ను చూడగానే, ప్యాకింగ్‌లో పనిచేసే మీ చుట్టం నిన్న టీవీలో కనిపించాడు, పక్కన వాళ్ళ పాప, ఆ తండ్రీకూతుళ్ళను చూస్తే ఎంత ముచ్చటేసిందో అన్నాడు. అవునన్నాను. ఆ పాప నా కూతురు అన్న ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

ఆ రోజుల్లో మనవాళ్ళలో ఎవరికైనా ఒక తెలుగు సినిమా కేసెట్టు దొరికితే, రెండు వీసీఆర్‌లు వైర్లతో కలిపి ఇంటింటికీ కాపీ చేసుకునేవాళ్ళం. ఆ శనివారం మధ్యాహ్నం ఒక స్నేహితుడు తన వీసీఆర్‌ను దుప్పట్లో చుట్టుకొచ్చి, "ఖాళీ కేసెట్ ఒకటి పడెయ్ గురూ" అన్నాడు. అలమరలో విప్పని కేసెట్లు మూడున్నాయి. నేను వాటిని పక్కకు జరిపి, వెనకనుంచి ఆ కేసెట్టు తీసి, పక్కగదిలోకి వెళ్ళి, కన్నం మీద సెల్లోటేపు అంటించి, మా అమ్మాయి రాసిన అక్షరాల మీద సినిమా పేరు రాసి, తెచ్చి ఇచ్చాను. అప్పుడు బాబాయీ ఆమే కిరాణా కొట్టుకు వెళ్ళి ఉన్నారు.

రెండు రోజులకు మా అమ్మాయి ఆ కేసెట్టు బడికి తీసుకెళ్ళి టీచరుకు చూపిస్తానని ముచ్చటపడి, ఒకసారి వేసి చూసుకోబోతే, స్టేడియం రావలసినచోట సినిమా వచ్చింది. పొరపాటైపోయింది, ఖాళీదనుకున్నాను అన్నాను. ఆమె ఏడుస్తూ పైకి వెళ్ళిపోయింది. మా తోడల్లుడు కేసెట్టు బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు. అతని బొటనవేలు ఆ మూల మీద ఒక్క క్షణం ఆగింది. నావైపు చూడలేదు. "పోనీలే అమ్మలూ, నిజంగా వెళ్ళొచ్చాం కదా, టీవీదేముంది!" అని మెట్లవైపు తలెత్తి కేకేసి, తర్వాత మామూలు గొంతుతో, "ఈ సినిమా మా ఇంటిదానికి ఇష్టం అన్నయ్యా, నేను ఉంచుకోనా?" అన్నాడు. ఉంచుకోమన్నాను. కొన్నాళ్ళకు వాళ్ళు వేరే అపార్ట్‌మెంట్‌కు మారిపోయారు. ఆ తర్వాత ప్రతి సీజన్‌లోనూ ఆట చూడటానికి రమ్మని పిలిచేవాడు. ప్రతి సీజన్‌లోనూ నాకేదో పని ఉండేది. ఒక్కసారి కూడా వెళ్ళలేదు, ఇక పిలిచేవాడు లేడు.

వారం రోజులు తర్జనభర్జన పడి, మరుసటి ఆదివారం మా అమ్మాయికి నేనే ఫోన్ చేసి, ఇక్కడ రాసినదంతా ఏదీ దాచకుండా చెప్పాను. "దట్ వాజ్ నాట్ నైస్, నాన్నా" అంది. కాదమ్మా అన్నాను. "నాకు టీవీలో వచ్చింది అంత గుర్తు లేదు. నువ్వు రాలేదు, అది గుర్తుంది" అంది. బాబాయి వస్తాడా అని అడిగావు కదా, నాతో వెళ్ళడం నీకు ఇష్టం లేదనుకున్నాను అన్నాను. "నో నాన్నా! ముగ్గురం వెళ్దామనుకున్నా. టికెట్స్ రెండే కదా, నేను నీ ఒళ్ళో కూర్చుంటే సరిపోద్ది అనుకున్నా."

నలభై ఏళ్ళు కావస్తుండగా తెలిసింది నాకు. ఆ ఏడాది మా ఇంట్లో నా చోటు అతను ఆక్రమించుకున్నాడనుకున్నాను. ఆ చోటు వదిలి వెళ్ళి, ఎవరు బతిమాలినా తిరిగి రాకుండా సమ్మె చేసినవాణ్ణి నేను.

ఫోను పెట్టేముందు, "ఒకటి పంపిస్తున్నా, చూడు. సినిమా అయిపోయాక ఉంది" అంది. సినిమా కంటే ఆట పెద్దది కాబట్టి, చివర అరగంట ఆట చెరగకుండా మిగిలిపోయింది. ఆ సంగతి మా తోడల్లుడికి తెలిసే ఉంటుంది, లేకపోతే ఇళ్ళు మారినప్పుడల్లా ఆ కేసెట్టును వెంట తీసుకెళ్ళడు. మా మరదలు చెప్పింది, ఆ సినిమా తనకెప్పుడూ నచ్చలేదట.

ఇప్పుడు మా మనవడు ఏ ఆటైనా ఎప్పుడైనా ఫోనులో చూస్తాడు. ఒకటి దాచుకోవాలంటే ఇంకొకటి చెరపవలసిన అవసరం ఈ కాలంవాళ్ళకు లేదు. మా కాలంలో ఉండేదని చెప్పి నేను తప్పించుకోలేను, అలమరలో మూడు ఖాళీ కేసెట్లున్నాయి. ఈమధ్య ఆదివారాలు మధ్యాహ్నం పూట ఆ అరగంట వేసుకుని చూస్తున్నాను, శనగలనూ పెసలనూ తలుచుకుంటే ఆట కొంచెం కొంచెం అర్థమవుతోంది కూడా. వాళ్ళిద్దరూ అందులో ఎక్కడో ఉన్నారు, చివరి నిమిషందాకా బాబాయి లేవనివ్వలేదట. బొమ్మ ఆపి, మసకలో మంకీ క్యాప్ కోసం వెతుకుతాను. దొరకదు. వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు మాత్రం కనిపిస్తాయి, తుంపరకు తడిసి మెరుస్తూ, నేను ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోగలిగినన్ని.