ఆటలో తుపాకీ, పికెట్‌లో తుపాకీ

తప్పు కనిపిస్తే ఊరుకోలేని రోగం నాది. బస్సులో పక్క సీటువాడు తాడిపత్రికి ఎంత దూరమో తప్పు చెప్పినా నాలుక దురద పెట్టేది. ఈ రోగం వల్ల బళ్ళో దెబ్బలు తిన్నాను, కాలేజీలో స్నేహితులను పోగొట్టుకున్నాను. అవన్నీ నాతో పోయేవి కాబట్టి ఫరవాలేదు. మా నాయనకు చేసిన నష్టం మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే అన్నం సహించదు.

అప్పుడు నేను అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. టవర్ క్లాక్ దగ్గర ఒక మేడ మీద ఎనిమిది కంప్యూటర్లను వైర్లతో కలిపి గేమ్ సెంటర్ పెట్టారు. మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి, నలుగురం ఒక పక్క, నలుగురం ఒక పక్క చేరి రెండో ప్రపంచ యుద్ధం చేసేవాళ్ళం. కరెంటు పోతే యుద్ధం ఆగేది. మళ్ళీ వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడి చొక్కాలు విదిలించుకుంటూ, చచ్చినవాడు ఎందుకు చచ్చాడో వాదించుకునేవాళ్ళం.

ఆ ఆటలో ట్యాంకును నడిపేదీ ఒక్కడే, గురి చూసేదీ, పేల్చేదీ వాడే. జిల్లా గ్రంథాలయంలో అట్ట ఊడిన యుద్ధ చరిత్ర పుస్తకం ఒకటి నాకు దొరికింది. అందులో అమెరికా ట్యాంకు లోపలి బొమ్మ ఉంది. లోపల ఐదుగురు కూర్చుంటారు. తలుపు మూస్తే డ్రైవరుకు చిన్న సందులోంచి తప్ప బయట ఏమీ కనపడదు. జర్మనీవాళ్ళ పెద్ద ట్యాంకుకు ఎదురుగా నిలబడి కొడితే ఆ అమెరికా గుండు చాలాసార్లు గీత గీసి జారిపోయేదట. మా ఆటలో మూడు దెబ్బలకే అది భగ్గుమనేది. ఇలాంటి తప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. ఆట మధ్యలో ఆపి చదివి వినిపించేవాణ్ణి కూడా. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అందరూ నవ్వేవాళ్ళు. నవ్వేకొద్దీ నాకు పట్టుదల పెరిగేది.

నా ఉసురు తీసింది మాత్రం ట్యాంకు కాదు, త్రీనాట్‌త్రీ తుపాకీ. ఆటలో ఒక మీట నొక్కితే పది తూటాలూ ఒకేసారి, మూడు సెకన్లలో నిండిపోయేవి. ఐదైదు చొప్పున రెండుసార్లు నింపాలని నేనన్నాను. మాతో ఆడే నూనె వ్యాపారి కొడుకు కంప్యూటరు మీదినుంచి తల తిప్పకుండానే అడిగాడు.

“నువ్వు యాడ చూసినావప్పా?”

పుస్తకంలో అంటే మళ్ళీ నవ్వుతారు. మా ఊళ్ళోనే ఉండాది, చూసొచ్చి చెప్తానన్నాను.

నిజంగానే ఉంది. మా ఊరు అనంతపురానికి బస్సులో గంట. ఊళ్ళో రెండు పెద్ద ఇళ్ళు, పైవీధిలో ఒకటి, కిందివీధిలో ఒకటి. ఊరంతా ఆ రెండు పార్టీలే. రెండేళ్ళ ముందు పైవీధి పెద్దాయన తమ్ముణ్ణి కిందివీధి వాళ్ళు బస్టాపు దగ్గర నరికారు. అప్పటినుంచి ఆ ఇంటికి కాపలాగా ఎదురుగా బడి వరండాలో పోలీసు పికెట్ పెట్టారు, త్రీనాట్‌త్రీ తుపాకీతో ఒక కానిస్టేబులు.

మా నాయన ఏ పార్టీలోనూ లేడు. మా ఊళ్ళో అది ఊరికే కుదిరేది కాదు, రోజూ పొద్దున లేచి చేయవలసిన పని. ఒక ఇంట్లో పెళ్ళికి ఎంత చదివిస్తే రెండో ఇంట్లోనూ అంతే చదివించాలి. ఒకరి అరుగు మీద కూర్చుంటే ఆ వారంలోనే రెండోవారి అరుగు మీదా కూర్చోవాలి. ఎక్కడా కాఫీ తాగకుండా ఉండటానికి తనకు కాఫీ పడదని ఇరవై ఏళ్ళు అబద్ధం ఆడాడు. ఇంట్లో రెండు పూటలా తాగేవాడు. మా చేనుకు దారి కిందివీధి వాళ్ళ పొలం గట్టు మీదినుంచి. పైవీధి వాళ్ళతో కలిసిపోయాడన్న మాట పుడితే ఆ గట్టు మీద నడవడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ చేశాను.

ఆదివారం ఊరికి పోయి, శెనక్కాయలు ఉడకబెట్టించుకుని పికెట్ దగ్గరికి తీసుకుపోయాను. అక్కడి కానిస్టేబులు నెల్లూరు వైపు మనిషి. మాట్లాడే దిక్కులేక విసుగెత్తి ఉన్నాడు. తుపాకీ గురించి ఒకడు ఇంత శ్రద్ధగా అడగడం ఆయన ఉద్యోగంలో మొదటిసారి అనుకుంటాను. అటూ ఇటూ చూసి, తూటాలు తీసి, మళ్ళీ నింపి చూపించాడు. నేను చేతి గడియారంతో లెక్కపెట్టాను. ఒక తూటా అంచు ఇంకోదాన్ని పట్టుకుని, తూటాలను ఐదేసి పట్టి ఉంచే క్లిప్పు మధ్యలో ఇరుక్కుంది. ఆయన తిట్టుకుంటూ లాగి మళ్ళీ దూర్చాడు. మొత్తం ఇరవై రెండు సెకన్లు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆటలో తుపాకీ ఎప్పుడూ ఇరుక్కోదు! అక్కడే మెట్టు మీద కూర్చుని రాసుకున్నాను: “పది తూటాలు. ఐదైదు. 22 సెకన్లు. ఇరుక్కుంటుంది.”

పాలు పోసే ఆమె చూసింది. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో మాట పుట్టింది. ఫలానావాళ్ళ పిల్లోడు పోలీసు దగ్గర ఎన్ని తూటాలున్నాయో, నింపడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి రాసుకున్నాడంట. ఎవరు రాసుకు రమ్మన్నారో?

నాయనకు చేనులోనే తెలిసింది. ఎండిన శెనక్కాయ కట్టె అక్కడే పారేసి వచ్చాడు. నేను కంప్యూటరు, జర్మనీ, ట్యాంకు అని ఏదేదో చెప్పాను. నాయన మధ్యలో ఆపలేదు, కేకలు వేయలేదు. అంతా విన్నాడు. ఆ ఓపిక చూసే నాకు భయం వేసింది.

“ఆటలో తుపాకీ తప్పుంటే తప్పుండనీ. నిజం తుపాకీ సంగతి ఎవురికి కావల్ల?” అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నాకప్పుడు తట్టింది. ఆ ఇరవై రెండు సెకన్లు కావలసినవాళ్ళు కిందివీధిలో ఉన్నారు.

వాళ్ళు పిలిపించేలోగా మనమే పోవాలన్నాడు నాయన. మా ఊళ్ళో పిలిస్తే పోయినవాడు తప్పు చేసినవాడి కిందే లెక్క. ఉతికిన పంచె కట్టుకుని, నోటుబుక్కు నన్నే పట్టుకోమని, పైవీధికి బయలుదేరాడు. దారిపొడుగునా ఒకటే చెప్పాడు. గడియారం సంగతి ఎత్తొద్దు, పోలీసాయన ఏమీ చూపలేదను, ఊరికే తోచింది గీసుకున్నానను. నేను సరేనంటూనే నడిచాను.

పెద్దాయన నడవలో పడక కుర్చీలో ఉన్నాడు. గోడకు తమ్ముడి ఫొటో, దండ. నాయన చేతులు కట్టుకుని, పిల్లోడు తెలీక చేసినాడు, ఇదంతా టౌన్లో ఆడుకునే ఆట అని చెప్పాడు. పెద్దాయన నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి తిప్పాడు. ట్యాంకు బొమ్మలు చూశాడు. ఒక పేజీలో మేం ఆటలో పెట్టుకున్న మారుపేర్లు, ఎవరు ఎంతమందిని చంపారో లెక్కలు ఉన్నాయి. అక్కడ చాలాసేపు ఆగాడు. ఇదేమిటని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

చివరి పేజీకి వచ్చాడు. రెండుసార్లు చదివాడు. కిటికీలోంచి బడి వరండా వైపు చూశాడు. కానిస్టేబులు అక్కడ గోడకు ఆనుకుని కూర్చున్నాడు, తుపాకీ పక్కనే ఉంది.

“ఇది నువ్వు చూసిందేనా, ఊరికే రాసిందా?”

ఊరికే రాసిందని అంటే సరిపోయేది. ఒక్క మాట. నాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. కానీ నేను సరిగ్గా లెక్కపెట్టిన ఒకే ఒక్క సంగతిని ఆయన అనుమానిస్తున్నాడు. నా పాడు నాలుక ఊరుకోలేదు.

“చూసిందే. గడియారం పెట్టి చూసినా.”

పెద్దాయన నా మీద కోప్పడలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. రెండేళ్ళుగా ఆ తుపాకీని నమ్ముకుని నిద్రపోతున్న మనిషి ఆయన. పేజీ చించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నోటుబుక్కు నాకు ఇవ్వకుండా నాయన చేతిలో పెట్టాడు.

“ఈ సంగతి ఇప్పుడు మీ ఇంట్లో ఉండాది, మా ఇంట్లో ఉండాది. ఇంగో ఇంటికి పోగూడదు. ఇంగ మీరు మావాళ్ళే,” అన్నాడు.

లోపలినుంచి కాఫీ తెప్పించాడు. నాయన గ్లాసు అందుకున్నాడు. పడదని చెప్పలేదు. నిలబడే, చివరి గుక్క దాకా తాగాడు.

ఇంటికి వచ్చాక నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మర్నాడు తొలి బస్సుకే నన్ను పొమ్మని, పిలిచేదాకా ఊరికి రావద్దని చెప్పాడు. అమ్మ ఎందుకని అడిగితే చదువుందని అన్నాడు.

తెల్లారి నేను సంచీ సర్దుకునేసరికి గుమ్మం ముందు ఒకడు కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైవీధి ఇంటి మనిషి. పెద్దాయన తోడు పొమ్మన్నాడంట. తోడు అక్కరలేదని నాయన రెండుసార్లు చెప్పాడు. వాడు వినలేదు. చెప్పులు వేసుకుని నాయన చేనుకు బయలుదేరాడు. వాడు పది అడుగుల వెనక నడిచాడు.

నేను బస్టాపుకు పోతూ కిందివీధి మూల మీద ఆగి చూశాను. కిందివీధి ఇంటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. రోజూలాగే నాయన తల వంచి పలకరించాడు. వాళ్ళు ఆయన్ని చూశారు, వెనకాల వస్తున్నవాణ్ణి చూశారు. ఒక్కరూ పలకలేదు. నాయన ముందుకు నడిచి వాళ్ళ పొలం గట్టు ఎక్కాడు.