యుద్ధాలు రాసే దొర

ఇపో పట్నంలో పాత సామాన్ల కొట్టుకెళితే టైప్‌రైటర్ రిబ్బను వాసన తగిలి నవ్వొచ్చింది.

నా చిన్నప్పుడు, బ్రిటిషువాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో మా రబ్బరు ఎస్టేటు బంగళాకి ఒక అమెరికా దొర వచ్చాడు. "యుద్ధాల పుస్తకాలు రాస్తాడే," అన్నాడు అక్కడ వంట చేసే మా నాన్న. ఆయన రాస్తేనే యుద్ధాలు జరుగుతాయనుకున్నాను. అడవిలోని తిరుగుబాటుదార్లకు చేరుతుందని ముద్ద అన్నం కూడా మా ఇళ్ల చుట్టూ వేసిన కంచె దాటనిచ్చేవారు కాదు సైనికులు. రబ్బరు పాలు తీయడానికెళ్లిన అమ్మ తిరిగొచ్చేదాకా పస్తే.

"యుద్ధం అయిపోనాదని రాసీ! మాయమ్మకి ఆకలేస్తంది," అన్నాను దొరతో. నాన్న నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. దొర నవ్వలేదు. కాగితం ఎక్కించి, టకటకా ఒక్క వాక్యం కొట్టి నా చేతిలో పెట్టాడు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చాక కొన్నాళ్లకు కంచె పీకేశారు. నేను క్యారేజీ పట్టుకుని రబ్బరు తోటలోకి పరుగెత్తాను.

"ఎవులాపినారో యుద్ధం!" అంది అమ్మ, చెట్టు కింద అన్నం కలుపుతూ.

"నానే," అన్నాను.

ఆ మాట ఇప్పటికీ పూర్తిగా అబద్ధమనిపించదు.