జ్వరం చూసే పని

కరోనా వచ్చిన మొదటి వేసవిలో, ఆగిపోయిన విమానాలు మళ్లీ మొదలైన కొత్తలో, నన్ను డిప్యుటేషన్ మీద విమానాశ్రయానికి పంపారు. నేను శ్రీకాకుళం జిల్లాలో, కోటబొమ్మాళికి దగ్గర్లో ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. అంతవరకు విమానం ఎక్కిందీ లేదు, దగ్గర నుంచి చూసిందీ లేదు. సెక్యూరిటీ తనిఖీకి ముందు నిలబడి, వచ్చిన ప్రతి ప్రయాణికుడి నుదుటికి థర్మామీటరు గన్ను పెట్టి చూడడం నా పని. జ్వరం ఉంటే పక్కన కూర్చోబెట్టాలి. డాక్టరు గారు మళ్లీ చూస్తారు. అప్పుడూ ఉంటే లోపలికి పంపకూడదు.

ఒక మధ్యాహ్నం యాభై దాటిన జంట వచ్చింది. మాట వినగానే మా వైపు వాళ్లని తెలిసిపోయింది. కోటబొమ్మాళిలో కిరాణా కొట్టట. హైదరాబాదులో కూతురికి పురుడు కష్టమై, బిడ్డ దక్కలేదట. కూతుర్ని ఐసీయూలో పెట్టారట. నేను అడక్కుండానే ఆయన ఇదంతా చెప్పాడు. భయంలో ఉన్నవాళ్లు అలాగే చెబుతారు.

ఆయనకు మామూలుగానే ఉంది. ఆమెకు నూటొకటి చూపించింది.

"ఎండలో కారులో వచ్చినాం తల్లీ, ఒల్లు కాలతాది కదా," అందామె. "ఇంకోపాలి సూడు."

పావుగంట ఫ్యాను కింద కూర్చోబెట్టి చూశాను. తగ్గలేదు. డాక్టరు గారు చంకలో థర్మామీటరు పెట్టించి చూశారు. అప్పుడూ నూరు దాటే ఉంది. ఆయన నావైపు చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. ఇక చెప్పాల్సింది నేనే.

చెప్పాను. ఆమె ఏడవలేదు. భర్త మాత్రం కదల్లేదు.

"నిన్ను ఒక్కదాన్నీ ఒగ్గీసి నానెలా ఎల్తాను? ఎల్తే ఇద్దరం ఎల్తాం, నేపోతే నేదు."

"పిల్ల కళ్లు తెరిస్తే ఎవులో ఒకలు కనబడాల కదండీ. మీరెల్లండి," అందామె. కూతురి కోసం తెచ్చిన మెత్తటి పాత చీర తన సంచిలోంచి తీసి ఆయన సంచిలో పెట్టింది. ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూ లోపలికి వెళ్లాడు.

కరోనా పరీక్షకు తీసుకెళ్లే అంబులెన్సు వచ్చేదాకా గంటసేపు ఆమె ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంది. నేను ఆరడుగుల దూరంలో నా పని చేసుకుంటూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి నీళ్ల సీసా నేలమీద పెట్టి వెనక్కి జరిగాను. ఆమె వంగి తీసుకుంది. సాటి మనిషికి నీళ్లు అలా ఇవ్వడం నా జీవితంలో అదే మొదలు.

డిప్యుటేషన్ అయిపోయాక మా ఆరోగ్య కేంద్రానికి తిరిగొచ్చాను. ఆ చలికాలంలో ఆమె బీపీ మాత్రల కోసం వచ్చింది. నా మొహానికి మాస్కు ఉన్నా గొంతు పట్టి పోల్చుకుంది.

"ఎయిర్‌పోర్టులో నువ్వే కదమ్మా?"

అవునన్నాను. కూతురు ఆ మర్నాడే పోయిందట. తండ్రి అద్దం ఇవతల నుంచే చూశాడట. ఆమెకు కరోనా లేదని పరీక్షలో తేలేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి అక్కడ దహనం కూడా అయిపోయింది.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఒకటి సెప్పు," అంది. "ఆ రోజు బయల్దేరే ముందు రెండు రోజులు తిండీ నిద్రా నేక ఏడిసినాను. ఏడిస్తే కూడా జొరం వస్తాదేటి?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆమె మాత్రలు కొంగున ముడేసుకుని లేచింది.

తర్వాత ఆమె మళ్లీ రాలేదు. నెలనెలా భర్తే వచ్చి మాత్రలు పట్టుకెళ్లేవాడు. నాతో ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు.