పడుగు దాటనివాడు

నేను చెప్పేదాంట్లో సగమే నమ్మాలని మా వాడలో అందరికీ తెలుసు. ఏ సగమన్నదే ఎవరికీ తెలియదు. డెబ్బై ఒకటిలో యుద్ధం వచ్చినప్పుడు వాడంతా పనిలేక కూర్చున్నది ఇందువల్లే.

మాది వరంగల్‌లో నేతవాళ్ల వాడ. పొద్దున్నే వీధి పొడవునా కట్టెల మీద పడుగు చాపేవాళ్లం. ఆ తెల్లని నూలుకు గంజి పట్టించి, ఇరుపక్కలా నిలబడి కుంచెలతో దువ్వాలి. ఎండ ముదరకముందే ముగియాలి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు, వాడ పని. దానికి ఒకటే కట్టుబాటు: చాపిన పడుగును ఎవరూ దాటకూడదు. కలెక్టరు వచ్చినా చుట్టూ తిరిగి పోవలసిందే.

ఆ చలికాలం ఒక సాయంత్రం చాయ్ హోటల్ రేడియో చుట్టూ మూగి ఉన్నాం. దీపాలు తగ్గించాలంటున్నారు. లారీల లైట్లకు సగం నల్లరంగు పూస్తున్నారు. నాకు నాలుక దురద పెట్టింది. పైనుంచి చూస్తే మన పడుగు అచ్చం విమానాలు దిగే బాటలా ఉంటుందట, శత్రువు సరాసరి మన వీధిలోనే దిగుతాడట అన్నాను. గంభీరంగా చాయ్ ముగించి ఇంటికి పోయాను. మర్నాడు వీధిలో ఒక్క పోగు చాపి ఉంటే ఒట్టు.

పొట్ట పట్టుకుని నవ్వుకున్నాను, పక్కింటి పెద్దమ్మ వచ్చేదాకా.

ఆమెకు భర్త లేడు. ఒక్కడే కొడుకు, మిలిటరీలో ఉన్నాడు. సెలవుకు వచ్చినవాడు ఊరికే కూర్చోలేక, తండ్రి గుంట మగ్గంలోకి దిగి నీలం అంచు దుప్పటి మొదలుపెట్టాడు. సగంలో ఉండగా పిలుపు వస్తే కాజీపేటలో రైలెక్కాడు. పెద్దమ్మ ఆ మగ్గం మీద పాత చీర కప్పి, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వాడే వచ్చి నేయాలి. తను మాత్రం వాడలోని మగ్గాలన్నిటికీ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. రాట్నం తిరుగుతున్నంతసేపే ఆమెకు ధైర్యం. పడుగులు ఆగితే మగ్గాలు ఆగాయి, మగ్గాలు ఆగితే రాట్నం ఆగింది.

“నీ నోటితోని కట్టేసినవ్, నీ నోటితోనే ఇప్పు,” అంది. “చేతులు ఊకుంటే పానం వాని దిక్కే గుంజుతాంది కొడుకా.”

ఆ సాయంత్రమే హోటల్లో కొత్త కబురు చెప్పాను. మన విమానాలవాళ్లు తెల్లని పడుగు చూసి, కింద మనవాళ్ల ఇళ్లు చల్లగా ఉన్నాయని గుర్తుపడుతున్నారట. మర్నాడు అందరూ కుంచెలతో వీధిలోకి వచ్చారు. కొందరు నమ్మలేదనే అనుకుంటా. కానీ పెద్దమ్మ గుమ్మంలో రాట్నం ముందు కూర్చుని ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లోనే కండెలు చుట్టుకోగల ఆడవాళ్లు కూడా చేతులు నొస్తున్నాయని నూలు తెచ్చి ఆమె ముందు పడేసి పోయారు.

రేడియో ఆమె కొడుకు ఊసెత్తేది కాదు కనుక అది నా పనయింది. రోజూ ఒక కబురు పట్టుకుపోయేవాణ్ని. వాడు ట్యాంకును ఎడ్లబండిలా అదిలిస్తున్నాడని, ఫిరంగి గొట్టం మీద అంగీ ఆరేశాడని, పెద్ద ఆఫీసరుకు చింతపులుసు మరిగించాడని. అబద్ధాలకోరని తిట్టి, మళ్లీ తనే అడిగేది, వాడు తిన్నాడా అని. తిన్నాడనే చెప్పేవాణ్ని.

యుద్ధం ముగిసినరోజు హోటల్లో అందరికీ ఉత్తగానే చాయ్ పోశారు. పెద్దమ్మ మగ్గం మీది చీర తీసి, దుమ్ము దులిపింది. తర్వాత కొన్నాళ్లకే తంతి వచ్చింది. యుద్ధం ముగియకముందే పోయాడట. నేను ఫిరంగి గొట్టం మీద అంగీ ఆరేయించిన రోజుల్లోనే ఏదో ఒక రోజు.

మా వాడలో పోయినవాడి మగ్గం మీది బట్టను సగంలో కోయరు. కోస్తే వాడి కాలు ఆ పోగుల్లోనే చిక్కుకుంటుందంటారు. వాడవాళ్లే తలా జానెడు నేసి ముగించాలి. కర్మలయ్యాక ఒక్కొక్కరే గుంటలోకి దిగారు. కండెలు ఎవరు చుట్టాలన్న మాటే రాలేదు. పెద్దమ్మ అప్పటికే రాట్నం ముందుంది.

నా వంతు వచ్చింది. కండెలోని పోగును లాగుతూ నాడె ఇటూ అటూ పోతోంది. అంత సేపు నోరు మూసుకుని నేనెప్పుడూ పనిచేయలేదు.

“ఏందిరా, గప్‌చుప్‌గ నేస్తానవ్? ఇయ్యాల వాని ముచ్చట లేదా?”

నాడె ఆగింది.

“విమానంల పోతాండు పెద్దమ్మా. కిందికి చూస్తే తెల్లగ మన పడుగు కనవడ్డది. ఇది మా వాడనే అని దిగిండు.”

రాట్నం తిరుగుతూనే ఉంది.

“పడుగు దాటలేదు గదా?”

“దాటలే. సుట్టు తిరిగే వచ్చిండు.”

ఆమె పోగు తెంపి, కండె నా చేతికిచ్చింది.